దారి పొలంతోనే వస్తుంది: వాట్సాప్ సందేశంలో మూడు తప్పులు

"దస్తావేజులో దారి రాయకపోతే పొలం కొన్నవాడికి దారి లేదు. పక్క పొలం చేతులు మారితే పాత బాట రద్దు. పన్నెండేళ్లు నడిస్తే ఆ బాట మీ సొంతం." రైతుల గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మూడు మాటలూ తప్పే.

మొదటిదానికి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ల నేల మీదుగా దారి, నీరు లాంటి హక్కుల చట్టం) 19వ సెక్షన్ నేరుగా అడ్డం తిరుగుతుంది. పక్క గట్టు మీదుగా మీ పొలానికి బండి దారి హక్కుగా ఉంటే, పొలం అమ్మినా వారసులకు వచ్చినా ఆ హక్కు దాంతోపాటే వెళ్తుంది. దారి ఇవ్వడం లేదనుకుంటే ఆ సంగతి కాగితంలో కనబడాలి. రాయకుండా వదిలేస్తే వదులుకున్నట్టు కాదు. బోదె నీటికీ ఇదే లెక్క. నిధి నిక్షేపాల దగ్గర్నుంచి అష్టభోగాలన్నీ ఏకరువు పెట్టే దస్తావేజు లేఖరులు దారి సంగతి మర్చిపోవడం మనకు మామూలే, కాబట్టి ఈ సెక్షన్ ఉండటం అదృష్టం!

అన్నదమ్ముల పంపకాల్లో లోపలి వాటాకు వేరే దారే లేకపోతే, కాగితంలో ముక్క లేకున్నా అదే చట్టం 13వ సెక్షన్ దారి ఇప్పిస్తుంది. అయితే అది అవసరం ఉన్నంతవరకే. రేపు వెనక రోడ్డు పడితే ఆ హక్కు పోతుంది. దూరం తగ్గుతుందని అడిగితే అసలు రాదు.

రెండోది: దారి బరువు ఆ నేల మీద ఉంటుంది, యజమాని మీద కాదు. కొత్తగా కొన్నవాడు దాన్ని మోయాల్సిందే.

మూడోది రెండు చట్టాలను కలగాపులగం చేసింది. పన్నెండేళ్లన్నది ఇతరుల భూమిని స్వాధీనంలో ఉంచుకున్న తగాదాలది. దారికి కావాల్సింది 20 ఏళ్లు, ప్రభుత్వ భూమైతే 30. అదీ బాహాటంగా, హక్కుగా, అడ్డు లేకుండా నడవాలి. "మా గట్టు మీంచి వెళ్లండి బాబాయ్" అని ఇచ్చిన అనుమతితో నడిచిన ఏళ్లు లెక్కలోకి రావు. హక్కు వచ్చినా నడవడానికే, నేల వాళ్లదే. గ్రామ పటంలో పుంత అనో డొంక అనో ఉంటే ఈ గొడవే లేదు, అది అందరి దారి.

సందేశం చెప్పనిది ఇంకొకటుంది. ఇరవై ఏళ్ల నడకతో వచ్చిన హక్కు కోసం, ఆ నడక ఆగిన రెండేళ్లలోపే దావా వేయాలి. కంచె పడ్డాక పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఆ గడువు దాటనిస్తే కేసు నిలవడం కష్టం.