చెప్పినట్టు వింటే ఏమీ కాదట!

అమెరికాలో పోలీసుల చేతిలో నల్లజాతి మనిషి ఎవరైనా పోయారన్న వార్త రాగానే, అక్కడి మన తెలుగువాళ్లలో ఒక మేధావుల సభ దానంతటదే కొలువుదీరుతుంది. ఎవరూ పిలవక్కర్లేదు. శనివారం రాత్రి ఎవరింట్లోనో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. ఆడవాళ్లు కిచెన్‌లో, పిల్లలు మేడమీద, మగవాళ్లు పెరట్లో సర్దుకున్నాక ఒకాయన ఫోన్ తీసి "ఈ వీడియో చూశారా?" అంటాడు. ఇంకొకాయన "పూర్తి వీడియో వస్తే గానీ ఏమీ చెప్పలేం" అంటాడు. చెప్పలేం అంటూనే రెండు గంటలు చెబుతాడు. పులిహోర గిన్నె ఖాళీ అయ్యే వేళకి తీర్పు ఏకగ్రీవంగా వెలువడుతుంది: "పోలీసు చెప్పినట్టు వింటే ఏమీ కాదండీ."

ఈ వాక్యం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. 400 ఏళ్ల చరిత్రకి ఐదు మాటల్లో పరిష్కారం. పుస్తకం చదవక్కర్లేదు, కోర్టు తీర్పు తిరగెయ్యక్కర్లేదు. నోట్లో మిర్చిబజ్జీ ఉండగా కూడా స్పష్టంగా పలకొచ్చు. ఇంత సౌకర్యమైన సిద్ధాంతం ఐన్‌స్టీన్ కూడా ఇవ్వలేకపోయాడు.

అసలు తెలుగువాడికి పోలీసు మీద ఇంత నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు. స్టేషన్ మెట్లు, కోర్టు మెట్లు ఎక్కకూడదన్న పెద్దవాళ్ల మాట మీద పెరిగినవాళ్లమే అందరం. సెల్‌ఫోన్ పోయిందని కంప్లయింట్ ఇవ్వాలన్నా ముందు ఎమ్మెల్యే పీఏ చేత ఫోన్ చేయించుకున్నవాళ్లమే. అదే మనిషి డాలస్‌లో విమానం దిగాడంటే చాలు, ఖాకీ మీద ఏనాడూ లేని భక్తి అక్కడి యూనిఫామ్ మీద పొంగి పొర్లుతుంది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు తొమ్మిది నిమిషాలకు పైగా ఆనించి ఉంచి ప్రాణం తీస్తే, "పాపం, కానీ..." అని మొదలుపెట్టినవాళ్లు నాకు బాగా గుర్తు. ఆ 'కానీ' తర్వాత వచ్చేది ఫ్లాయిడ్ మార్చాడన్న 20 డాలర్ల దొంగనోటు. అదే ఏడాది జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత కుర్రాణ్ని కొట్టి గుండు గీశారు. దానికి 'కానీ' కూడా రాలేదు. మనవాళ్లు ఆ ఊసే ఎత్తలేదు మరి.

సరే, సిద్ధాంతం అన్నాక పరీక్షకి నిలబడాలి. 2016 జూలై 6, మిన్నెసోటాలోని ఫాల్కన్ హైట్స్. ఫిలాండో కాస్టీల్ అనే 32 ఏళ్ల నల్లజాతి మనిషి, బడిలో పిల్లలకి భోజనం పెట్టే క్యాంటీన్ చూసుకునేవాడు, కారులో వెళ్తున్నాడు. బ్రేక్ లైటు వెలగడం లేదని ఆపారు. అంతకుముందే రేడియోలో ఆ ఆఫీసరు, డ్రైవర్ ముక్కు వెడల్పు చూస్తే దోపిడీ కేసులో వెతుకుతున్నవాడిలా ఉన్నాడని చెప్పాడు. ముక్కు వెడల్పు! మన పెళ్లిచూపుల్లో కూడా ముక్కుని ఇంత సీరియస్‌గా తీసుకోరు. కాస్టీల్‌కి ఇది కొత్త కాదు. అప్పటికే 40కి పైగా సార్లు పోలీసులు అతని కారు ఆపారు. "సార్, నా దగ్గర తుపాకీ ఉందని మీకు ముందే చెప్పాలి" అన్నాడు మర్యాదగా. లైసెన్సున్న తుపాకీయే. ఆఫీసరు ఏడు తూటాలు పేల్చి చంపేశాడు. పక్క సీట్లో అతని స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ల కూతురు. మరుసటేడు జ్యూరీ ఆ ఆఫీసరుని నిర్దోషి అంది.

చెప్పినట్టు వినడంలో ఇంతకంటే ఏం చేయొచ్చో మేధావుల సభ ఇంకా తేల్చాల్సి ఉంది.

ఈ సభలకి శాశ్వత అధ్యక్షుల్లో మా బావగారు ఒకరు. ఊరు టెక్సస్‌లోని ఫ్రిస్కో. మంచి మనిషి. ఎవరు ఇండియా నుంచి వచ్చినా ఎయిర్‌పోర్టుకి తనే వెళ్లి తీసుకొస్తారు. "బయాస్ అదీ ఏమీ లేదోయ్, అంతా మీడియా సృష్టి" అన్నది ఆయన స్థిరాభిప్రాయం. ఈమధ్య మా మేనల్లుడికి పదహారు నిండి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. ఆ సందర్భంగా బావగారు గరాజ్‌లో నిర్వహించిన శిక్షణా శిబిరాన్ని మా అక్క వీడియో కాల్‌లో నాకు మొదటి నుంచి చివరి దాకా చూపించింది.

కారు గరాజ్‌లోనే ఆగి ఉంది. డ్రైవర్ సీట్లో మేనల్లుడు. వెనక సీట్లో మా అమ్మ. ఆర్నెల్ల విజిటర్ వీసా మీద మనవడి దగ్గరికి వెళ్లింది, ఈ నాటకంలో ప్యాసింజర్ వేషం ఇచ్చారు. బావగారు చేత్తో పెద్ద టార్చిలైటు పట్టుకుని, ఛాతీ విరుచుకుని, తెచ్చిపెట్టుకున్న టెక్సస్ యాసతో పోలీసు పాత్రలో నడిచొచ్చారు. వచ్చేముందు పాఠం అయింది. వెనక లైట్లు కనబడగానే ఇండికేటర్ వెయ్యి. లోపలి లైటు వెయ్యి. అద్దాలు నాలుగూ దించెయ్యి. చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి, వేళ్లు విప్పి. హుడీ వేసుకున్నావా, రాత్రిపూట కారెక్కితే తీసెయ్యి. పాటలు ఆపు. లైసెన్స్ అడిగితే "ఆఫీసర్, ఇప్పుడు నా కుడిచెయ్యి వెనక జేబులోకి వెళ్తోంది" అని ముందు చెప్పి, ఆయన సరే అన్నాక, క్రికెట్ రీప్లేలో చూపించినంత నెమ్మదిగా తియ్యి. అమ్మమ్మతో తెలుగులో మాట్లాడకు, ఏం కుట్ర పన్నుతున్నారో అనుకుంటాడు. ఆ గడ్డం గీసుకో.

"పాపం చీకట్లో డ్యూటీ చేస్తున్నాడు" అనుకుంది మా అమ్మ. కాళ్ల దగ్గరున్న చేతిసంచిలో చెయ్యి పెట్టి చేగోడీల డబ్బా తియ్యబోయింది.

"అత్తయ్యగారూ! చేతులు! చేతులు పైకి!" అని బావగారు పెట్టిన కేకకి అక్క చేతిలో ఫోన్ జారిపడింది. కాసేపు నాకు గరాజ్ సీలింగే కనిపించింది. మళ్లీ తెర మీదికి వచ్చేసరికి మా అమ్మ రెండు చేతులూ ఎత్తుకుని కూర్చుంది, ఒళ్లో చేగోడీలు. బావగారు చెమట తుడుచుకుంటున్నారు. "చూశావా? ఇలాగే అవుతుంది. ఇక్కడే అయిపోయేది కథ" అంటున్నారు కొడుకుతో. మొత్తం సీను మూడుసార్లు రిహార్సల్ చేశారు. మూడోసారికి మా అమ్మ, ఎవరూ అడక్కుండానే, చేతులు ముందు సీటు మీద పెట్టుకుని కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

అప్పుడు మేనల్లుడు అన్నాడు: "నాన్నా, పక్కింటి కానర్‌కి వాళ్ల నాన్న ఇదేదీ నేర్పలేదు."

"కానర్ సంగతి వేరు" అన్నారు బావగారు.

అంతే, సభాధ్యక్షుల వారు స్వయంగా ప్రతిపక్షం తరఫున సాక్ష్యం చెప్పేశారు. ఏం వేరో కుర్రాడు అడగలేదు. వాడికి తెలుసు. బావగారికి ఇంకా బాగా తెలుసు. నల్లవాళ్ల ఇళ్లల్లో తల్లిదండ్రులు తరతరాలుగా పిల్లలకి చెబుతున్న పాఠమే అది, అక్షరం పొల్లుపోకుండా. ఆ పాఠం ఎందుకు పుట్టిందో ఒప్పుకోవడానికే మనకి నోరు రాదు.

బావగారు డేటా ఇంజినీరు కూడానండోయ్. పగలంతా కంప్యూటర్ తెర మీద లెక్కలు చూపే డాష్‌బోర్డులు తయారుచేసి పెద్దవాళ్లకి చూపిస్తుంటారు. అందుకని ఒకసారి లెక్కలే చెప్పాను. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు దేశమంతటా దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ స్టాప్‌ల, అంటే పోలీసులు రోడ్డు మీద బళ్లు ఆపిన సందర్భాల, రికార్డులు పోగేసి చూశారు. సాయంత్రం ఏడు గంటలంటే ఎండాకాలంలో వెలుగుంటుంది, చలికాలంలో చీకటి. అదే రోడ్డు, అదే టైము. చీకటి పడగానే ఆపిన డ్రైవర్లలో నల్లవాళ్ల వాటా తగ్గిపోయింది. లోపలున్నది ఎవరో కనబడనప్పుడు పోలీసుకి వాళ్ల డ్రైవింగ్ హఠాత్తుగా బాగుపడినట్టు అనిపించిందన్నమాట. న్యూయార్క్‌లో 2011 ఒక్క ఏడాదే 6,85,724 సార్లు జనాన్ని ఆపి సోదాలు, విచారణలు చేశారు. ఎక్కువమంది నల్లవాళ్లు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలే. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది దగ్గర ఏ తప్పూ దొరకలేదు. 2013లో ఫెడరల్ జడ్జి ఇది రాజ్యాంగ విరుద్ధమన్నారు. బావగారు అంతా విని "శాంపిల్ చూడాలి" అన్నారు. పది కోట్లు చాలలేదు.

లెక్కలు వికటిస్తే సభ దగ్గర రెండో అస్త్రం సిద్ధంగా ఉంటుంది. ప్రగతి. "ఎంత మారిందండీ దేశం! ఒబామా రెండుసార్లు గెలవలేదూ?" మారింది, ఎవరు కాదన్నారు? ఎలా మారిందో కొంచెం చూద్దాం. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం కొన్ని వందలమంది నల్లవాళ్లు ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీదుగా నడిచారు. అవతల వరసకట్టిన పోలీసులు రెండు నిమిషాల్లో వెనక్కి పొమ్మని హుకుం జారీ చేశారు. వాళ్లు పోలేదు. లాఠీలు, బాష్పవాయువు. జాన్ లూయిస్ అనే పాతికేళ్ల కుర్రాడి పుర్రె చిట్లింది. ఆ దృశ్యాలు టీవీల్లో చూసి దేశం సిగ్గుపడింది, ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అదే గాలిలో, అదే కాంగ్రెస్ పాస్ చేసిన కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద అక్టోబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టాడు. దాంతో పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచే పాత కోటాలు పోయాయి. అంతకుముందు ఇండియా మొత్తానికి కోటా ఏడాదికి 100 మంది. దేశం మొత్తానికి వంద! ఆ క్యూలో బావగారి నంబరు ఎప్పటికి వచ్చేదో ఆయన డాష్‌బోర్డులోనే వేసి చూసుకోవచ్చు.

ఆ రోజు వంతెన మీద వాళ్లు పోలీసు చెప్పినట్టు విని ఉంటే, ఫ్రిస్కోలో ఐదు బెడ్‌రూముల ఇల్లూ లేదు, పాట్‌లక్కూ లేదు, ఈ సిద్ధాంతం చెప్పడానికి మేధావుల సభా లేదు. ఒకడి పుర్రె పగిలితే వచ్చిన వీసా మీద వెళ్లి, వాడి మనవణ్ని చూసి "వీళ్లు మాట వినరండీ" అంటాం మనం.

మా అమ్మ రోజూ పొద్దున్నే ఆ కాలనీలో వాకింగ్‌కి వెళ్తుంది. చీర మీద స్వెటర్, కాళ్లకి స్పోర్ట్స్ షూ. ఇంగ్లిష్ రాదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో సురేశ్‌భాయ్ పటేల్ కూడా అలాగే నడుస్తున్నాడు. 57 ఏళ్లు, గుజరాత్ నుంచి వచ్చాడు, కొడుక్కి పసిబిడ్డ ఉంటే సాయంగా. ఎవరో ఇరుగుపొరుగువాళ్లు "సన్నగా ఉన్న నల్లవాడొకడు తిరుగుతున్నాడు" అని పోలీసులకి ఫోన్ చేశారు. "నో ఇంగ్లిష్" అన్నాడు, కొడుకు ఇంటివైపు చెయ్యి చూపించాడు. నిలబడ్డ మనిషిని కాలు అడ్డం పెట్టి తలకిందులుగా నేలకేసి కొట్టారు. పక్షవాతం వచ్చింది. ఆ ఆఫీసరు విచారణ రెండుసార్లు జ్యూరీ తేల్చలేక ఆగిపోయింది, చివరికి జడ్జి నిర్దోషిగా వదిలేశారు. చెప్పినట్టు వినాలంటే ముందు చెప్పింది అర్థం కావాలి కదా బావగారూ? మీ అత్తగారికి అర్థమవుతుందా?

జాహ్నవి సంగతి కూడా చెప్పుకోవాలి. జాహ్నవి కందుల, ఆదోని పిల్ల, 23 ఏళ్లు, సియాటిల్‌లో మాస్టర్స్ చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి రోడ్డు దాటుతోంది, నడవమని గీతలు గీసిన చోటే. గంటకి 25 మైళ్లు దాటకూడని రోడ్డు మీద 74 మైళ్ల దాకా దూసుకొచ్చిన పోలీసు కారు గుద్దేసింది. ఆమె ఒంటి రంగు చూసి గుద్దలేదు, నిజమే. ఆ తర్వాత పోలీసు యూనియన్ నాయకుడొకడు ఇంకో నాయకుడితో ఫోన్‌లో మాట్లాడాడు. నవ్వాడు. పదకొండు వేల డాలర్లకి ఒక చెక్కు రాసేస్తే సరి అన్నాడు. ఎలాగూ ఇరవయ్యారేళ్లు, పెద్ద విలువేమీ లేదు అన్నాడు. వయసు కూడా తప్పు! ఒంటి మీది కెమెరా ఆగలేదు కాబట్టి మనకి తెలిసింది. ఆగి ఉంటే? తర్వాత ఆయన, నేను నగరం లాయర్లని వెక్కిరించానంతే అని వివరణ ఇచ్చుకున్నాడు. ఎవర్ని వెక్కిరిస్తేనేం, చచ్చిన పిల్ల మీదుగా వెక్కిరించడానికి నోరెలా వచ్చింది? ఆ పిల్ల ఎవరి మాట వినలేదు? ఏ తప్పు చేసింది? ఏ నోటు మార్చింది? కారు నడిపినవాడి మీద పెద్ద నేరం నిలబడదని ప్రాసిక్యూటర్లు చేతులు దులుపుకున్నారు. మిగిలింది 5,000 డాలర్ల జరిమానా కేసు. నవ్వినవాణ్ని ఏడాదిన్నర తర్వాత ఉద్యోగం నుంచి తీసేస్తే, నాకు అన్యాయం జరిగిందంటూ నగరం మీద రెండు కోట్ల డాలర్లకి క్లెయిమ్ వేశాడు. తన విలువ మాత్రం బాగానే కట్టుకున్నాడు.

ఆ వీడియో వచ్చిన శనివారం కూడా పాట్‌లక్ జరిగే ఉంటుంది. ఆ రోజు "పూర్తి వీడియో రానీ" అన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్ల మొహం నేను చూడాలనుకోవడం లేదు.

ప్రగతి మాత్రం ఆగలేదు లెండి. 2025 మేలో మినియాపొలిస్, లూయివిల్ పోలీసుల్ని సంస్కరించడానికి కుదిరిన ఒప్పందాల నుంచి కేంద్ర న్యాయశాఖ తప్పుకుంది. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. లాస్ ఏంజిలస్‌లో కేవలం జాతి, మాట్లాడే యాస, నిలబడ్డ చోటు, చేసే పని చూసి ఇమిగ్రేషన్ ఏజెంట్లు జనాన్ని ఆపకూడదని కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వుని తాత్కాలికంగా పక్కన పెట్టింది.

బావగారు ఎప్పుడో అమెరికన్ పౌరులైపోయారు. ఇంతకాలం పాస్‌పోర్టు బ్యాంకు లాకర్లో ఉండేది. మొన్న చూస్తే పర్సులో పాస్‌పోర్టు కార్డు పెట్టుకుని తిరుగుతున్నారు, అక్కకి ఒకటి, కొడుక్కి ఒకటి చేయించారు. మొక్కలకి నీళ్లు పెట్టడానికి బయటికి వెళ్లినా జేబు తడిమి చూసుకుంటున్నారట. ఇదెందుకండీ అని అడిగితే, "భయం ఏమీ లేదోయ్, ఎందుకైనా మంచిది" అన్నారు.