సవరణ: టామ్ వూల్ఫ్ ఆ బస్సులో లేరు

అమెరికా హిప్పీలపై అక్కడి విలేఖరి టామ్ వూల్ఫ్ 1968లో తెచ్చిన పుస్తకం ‘ది ఎలక్ట్రిక్ కూల్-ఎయిడ్ యాసిడ్ టెస్ట్’ గురించి మొన్నటి పోస్టులో ఒక తప్పు రాశాను. 1964లో నవలా రచయిత కెన్ కీసీ బృందం రంగులు పులిమిన పాత స్కూలు బస్సులో కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ వెళ్లినప్పుడు వూల్ఫ్ కూడా వెంట ఉన్నారన్నాను. లేరు. ఆయన కీసీని మొదట కలిసింది 1966లో, కీసీ ఉన్న జైల్లో. మధ్యలో మందపాటి అద్దం, మాట్లాడుకోవడానికి ఫోను. బస్సు ప్రయాణం గురించి ఆయన రాసిందంతా ఆ బృందం తీసుకున్న ఫిల్మూ టేపులూ, అక్కడున్నవాళ్లు చెప్పిన మాటలూ పట్టుకుని అల్లిందే. పుస్తకంలోని రచయిత మాటలో ఆయనే ఈ సంగతి చెప్పారు. సరిచూసుకోకపోవడం నా పొరపాటు.

ఇది చిన్న తేడా కాదు. చదువుతుంటే తామే బస్సులో కూర్చున్నట్టుందని మురిసిపోయే పాఠకులున్నారు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు తీసుకున్న ఆ బృందంలోని మనిషి బుర్రలో ఏం నడుస్తోందో విలేఖరికి ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోవాళ్ల అనుమానాన్ని, ఆయన కళ్లారా చూసి రాశారు కదా అని కొట్టిపారేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లు అడిగింది అడగాల్సిన ప్రశ్నే.