బొట్టు మాయమైన నలుపు తెలుపు ఫోటో

రంగుల ఫోటోలోంచి రంగు తీసేస్తే నలుపు తెలుపు ఫోటో వచ్చేస్తుందన్న భ్రమలో నేనూ చాలాకాలం ఉన్నాను. మా అమ్మమ్మ పెద్దకర్మకు పటం కట్టించాలని, ఒక పెళ్లిలో తీసిన ఆవిడ ఫోటోను ఊళ్లో స్టూడియోకు ఇచ్చినప్పుడు, నలుపు తెలుపయితే హుందాగా ఉంటుందని సలహా ఇచ్చింది నేనే. పటం ఇంటికి తెచ్చాక తాతయ్య దాన్ని వెలుగులోకి జరిపి చూసి, "బొట్టు ఏదిరా?" అని అడిగారు. ముత్తైదువగా పోయిన మనిషి నుదుట రూపాయి కాసంత ఉండే కుంకుమ, చర్మంలో కలిసిపోయి ఆనవాలు లేకుండా పోయింది.

దాన్ని ఎవరూ చెరపలేదు; ఒక్క మీట నొక్కారు, అంతే. ఫోటోషాప్‌లో రంగు తీసేసే ఆదేశమైన డీశాచురేట్, ఫోటోలోని ప్రతి చుక్కలో, అంటే పిక్సెల్‌లో, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడింటిలో పెద్దదానికీ చిన్నదానికీ సగటు కట్టి, ఆ బూడిద రంగును అక్కడ పెడుతుంది. ఆ లెక్కన నిఖార్సైన ఎరుపు, నిఖార్సైన ఆకుపచ్చ, చివరికి నిఖార్సైన పసుపు కూడా ఒకే బూడిదగా మారతాయి. కుంకుమ, మామిడాకులు, పసుపు బట్టలు నిండిన మన పెళ్లి ఫోటోకు ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? మన కంటికి ఆకుపచ్చ వెలుగుగా, నీలం ముదురుగా తోస్తాయి కనుకనే టీవీ ప్రసారాల కోసం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతుల చొప్పున లెక్క ఎప్పుడో స్థిరపడింది. ఆ లెక్క వాడినా బొట్టు దక్కేది.

అంతకంటే మేలైన దారి 2007లో ఫోటోషాప్ సీఎస్3 వెర్షన్‌తో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్. అందులో ఒక్కో రంగుకు ఒకటి చొప్పున, అటూ ఇటూ జరిపే ఆరు స్లయిడర్లు ఉంటాయి, ఫోటోలు దిద్దే మరో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో అయితే ఎనిమిది. ఏ రంగు ఎంత ముదురు కావాలో, ఎంత లేత కావాలో మనమే నిర్ణయించవచ్చు. ఫిల్ము రోజుల్లో లెన్సుకు ఎర్ర ఫిల్టరు తగిలించి ఆకాశాన్ని నల్లబరిచినవారు చేసిందీ ఇదే, కాకపోతే వారు బటన్ నొక్కకముందే ఆలోచించుకోవాల్సి వచ్చేది.

అయితే స్లయిడర్లు తెలిసినవారితో నాకు వేరే పేచీ ఉంది. మన చర్మం రంగు చాలావరకు లైట్‌రూమ్‌లోని నారింజ స్లయిడరు కిందకు వస్తుంది, దాన్ని కుడివైపుకు లాగితే ముఖం తెల్లబడుతుంది. రంగే లేని ఫోటోలో కూడా పెళ్లికూతుర్ని తెల్లగా చూపించాలన్న ఆరాటం ఏమిటో, చెంపల మీది నీడలన్నీ చెదిరి ముఖం సున్నం కొట్టిన గోడలా తయారయ్యేదాకా కొందరు చెయ్యి ఆపరు.

అమ్మమ్మ ఫోటోకు నేను నారింజను ముట్టుకోలేదు, ఎరుపును మాత్రం కొద్దికొద్దిగా తగ్గించాను. మా దగ్గర ఉన్నది వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ కావడంతో, మరికాస్త లాగితే బొట్టు అంచున గళ్లు గళ్లుగా మరకలు తేలాయి. అవి కనిపించకుండా పోయేదాకా వెనక్కి జరిపి, అక్కడ ఆపి ప్రింటుకు ఇచ్చాను.