అరగంట పని

మా వెబ్‌సైట్ ప్రాజెక్టులోంచి సాస్ (పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్‌ఎస్‌ని సులువుగా రాసుకునే భాష) తీసేద్దామన్నారు మా లీడ్. బ్రౌజర్లకు తగ్గ ప్రిఫిక్స్‌లు తగిలించే ఆటోప్రిఫిక్సర్ కోసం, ప్లగిన్లతో సీఎస్‌ఎస్‌ని మార్చిపెట్టే పోస్ట్‌సీఎస్‌ఎస్ ఎలాగూ ఉంది కదా, ఒక వంటింట్లో రెండు పొయ్యిలెందుకన్నది ఆయన వాదన. వేరియబుల్స్ గట్రా ముందే మార్చేశాం. ఇక మిగిలింది నెస్టింగ్, అంటే కార్డు అనే క్లాసు కడుపులోనే దాని టైటిల్, ధర, బటన్ల స్టైల్స్ రాసుకోవడం. దానికో ప్లగిన్ తగిలిస్తే చాలు.

"అరగంట పని సార్" అన్నాను. "గుండీలొక్కటే బాకీ, సాయంత్రం రండి" అని టైలర్ అంటాడే, అచ్చం అలాగే.

రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను. కాన్ఫిగ్ ఫైలు రాయగానే ‘మాడ్యూల్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని ఎర్రగా అరిచింది. ప్యాకేజీ ఫైల్లో టైప్ మాడ్యూల్ అని ఉంటే పాత పద్ధతి ఎక్స్‌పోర్ట్ చెల్లదు. ఫైలు పేరు చివర జేఎస్ తీసి సీజేఎస్ పెట్టాను, నోరు మూసుకుంది. మళ్లీ బిల్డ్ కొట్టాను. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క వార్నింగ్ లేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పేజీ తెరిస్తే కార్డులున్నాయి. వాటిలో టైటిల్ ఏదో, ధర ఏదో తెలియడం లేదు. అక్షరాలన్నీ ఒకే సైజులో, సినిమా టికెట్ల క్యూలోలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చిత్రమేమిటంటే, కార్డు మీద మౌస్ పెడితే మాత్రం నీడ చక్కగా వస్తోంది. అంటే ప్లగిన్ పనిచేస్తోంది. మరి పనిచేయడం లేదు కూడా.

ప్లగిన్ల లాంటి సరంజామా అంతా ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం పీకేసి మళ్లీ ఎక్కించాను. మా వృత్తిలో ఇది పారాసిటమాల్ లాంటిది, రోగమేదైనా ముందు ఒకటి వేసేస్తాం. క్యాష్ తుడిచాను. ప్లగిన్ల వరుస మార్చాను. ఇంపోర్ట్ చేసేది ముందు, నెస్టింగ్ తర్వాత, ఆటోప్రిఫిక్సర్ ఆఖర్న. వరుస మొదట్నుంచీ సరిగ్గానే ఉందని మూడోసారి మార్చాక తెలిసింది.

పదకొండున్నరకి అమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి స్క్రీన్ చూసింది. "ఇదేంట్రా, మొన్న శుభలేఖలా ఉండేది, ఇవాళ రేషన్ చీటీలా అయింది?" అంది. మా టెస్టింగ్ టీమ్ కూడా ఇంత సూటిగా బగ్ రాయలేదు.

చివరికి సిగ్గు విడిచి, మూడు నెలల క్రితం చేరిన జూనియర్‌కి స్క్రీన్ షేర్ చేశాను. ఆ అమ్మాయి అర నిమిషం చూసింది. "అన్నా, మీరు పెట్టింది పోస్ట్‌సీఎస్‌ఎస్ నెస్టింగ్. మనకి కావాల్సింది పోస్ట్‌సీఎస్‌ఎస్ నెస్టెడ్."

ఇంగ్‌కీ ఎడ్‌కీ ఇంత తేడానా అంటారేమో. నెస్టెడ్ సాస్ దారిలో నడుస్తుంది. దానికి అండ్ గుర్తు (&) అంటే ఇంటిపేరు. ఆ గుర్తు పక్కన రెండు అండర్‌స్కోర్లు, టైటిల్ అని రాస్తే, కార్డు వారి టైటిల్ అని కలిపి ఒకే పేరు చేసేస్తుంది. నెస్టింగ్ సీఎస్‌ఎస్ ప్రమాణాన్ని పాటించే పెద్దమనిషి. దానికి అండ్ గుర్తు అంటే సాక్షాత్తూ తండ్రే తప్ప అతికించడానికి అక్షరాలు కాదు. అందుకే అండర్‌స్కోర్ల టైటిల్ అనే ట్యాగ్ ఎక్కడో ఉందనుకుని వెతుకుతుంది. అలాంటి ట్యాగ్ భూమ్మీద లేదు. మౌస్ పెట్టినప్పటి హోవర్ రాత ఇద్దరికీ ఒకటే కాబట్టి నీడ ఒక్కటీ వచ్చింది. పక్క ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లి, వధూవరులెవరో చూడకుండా భోంచేసి, చదివింపులు కూడా ఇచ్చి వచ్చినట్టయింది నా పని.

ప్లగిన్ మార్చడానికి ఒక నిమిషం పట్టింది. కమిట్ కొట్టేసరికి ఒంటిగంటా నలభై.

పొద్దున మీటింగ్‌లో లీడ్ ఆ టైమ్ చూశారు గానీ ఏమీ అనలేదు. "బాగుందయ్యా. అయినా 2023లోనే క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడూ నెస్టింగ్ నేర్చేసుకున్నాయి కదా. అసలు ప్లగినే తీసేద్దామా? అరగంట పనేగా?"

బ్రౌజర్లు నేర్చుకున్నది ఏ పెద్దమనిషి దగ్గరో నాకిప్పుడు తెలుసు. నోరు తెరిచేలోపే జూనియర్ మైక్‌లోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.