స్లైడు చూడటానికా, చదవడానికా?

పవర్‌పాయింట్‌లో మామూలు స్లైడు ఒకటి తెరిస్తే రెండు పెట్టెలు ఎదురవుతాయి. పైన శీర్షిక రాయమంటుంది, కింద విషయం రాయమంటుంది. కింది పెట్టెలో టైపు మొదలుపెట్టగానే ముందు ఒక చుక్క వచ్చి కూర్చుంటుంది. ఎంటర్ కొడితే ఇంకో చుక్క. పెట్టె నిండినా మనల్ని ఆపదు. ఆటోఫిట్ అనే సదుపాయం అక్షరాల సైజు తగ్గించి చోటు చేస్తుంది, మరో లైను రాస్తే మరికాస్త తగ్గిస్తుంది. ఇక చాలు అని చెప్పాల్సిన చోట సాఫ్ట్‌వేర్ సర్దుకుపోతుంది. వెనక వరుసలో వాళ్లు కళ్లు చికిలించుకుని చదివే స్లైడ్లు చాలావరకు ఇలా పుట్టినవే.

నేరమంతా సాఫ్ట్‌వేర్ మీదకు నెట్టేయడం కుదరదు. 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థ మెకింటాష్ కోసం పవర్‌పాయింట్ తొలి వెర్షన్ తెచ్చినప్పుడు దాని పని ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లు తయారుచేయడం. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. మాట్లాడే మనిషి పక్కనే ఉంటాడన్న లెక్కతో పుట్టిన వస్తువు అది. తర్వాత మనమే దానికి మూడు పనులు అప్పజెప్పాం. తెర మీద చూపేదీ అదే, వక్త చూసి చదువుకునే చీటీ అదే, రానివాళ్లకు మెయిల్లో పంపే నివేదికా అదే. చీటీకి సరిపడా రాస్తే తెర నిండిపోతుంది. తెరకు తగ్గట్టు కుదిస్తే నివేదికలో ఏమీ మిగలదు.

ఇది అందచందాల గొడవే అయితే వదిలేయవచ్చు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి, కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించారు. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క నౌకను తాకిందని నాసాకు ముందే తెలుసు. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నష్టాన్ని అంచనా వేసి స్లైడ్ల రూపంలో చెప్పారు. వాటిలో ఒకదాని శీర్షిక చదివితే పాత పరీక్షలు భరోసా ఇస్తున్నట్టే అనిపిస్తుంది. అసలు సంగతి చుక్కల కింద చుక్కలు దాటి అట్టడుగున ఉంది: పరీక్షించిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఊడిపడింది సుమారు 1,920. అంటే 640 రెట్లు. ఆ స్లైడు చూసిన ఉన్నతాధికారికి ఇది ప్రాణాల మీదికి వచ్చిన విషయమని తట్టకపోయి ఉండవచ్చని దర్యాప్తు బోర్డు అదే ఏడాది తన నివేదికలో రాసింది. సాంకేతిక పత్రాలకు బదులు స్లైడ్లతో సరిపెట్టే అలవాటునూ తప్పుపట్టింది. ప్రమాదానికి స్లైడే కారణమంటే అన్యాయం. కానీ అంత పెద్ద అంకె అంత చిన్న అక్షరాల్లోకి జారిపోవడం మాత్రం ఏ ఆఫీసులోనైనా జరుగుతున్నదే.

అందుకే నా దృష్టిలో స్లైడు మీద అన్నిటికన్నా విలువైన చోటు శీర్షిక. దాన్ని ‘నేపథ్యం’, ‘ఫలితాలు’, ‘ఆదాయ వివరాలు’ లాంటి ఉత్త పేర్లతో పాడుచేస్తున్నాం. ‘ఆదాయం పెరిగింది, లాభం తగ్గింది’ అని పూర్తి వాక్యం రాస్తే, కింద ఏ గ్రాఫ్ ఉండాలో, ఏది అక్కర్లేదో దానంతటదే తేలిపోతుంది. ఇంజినీర్లకు ప్రజెంటేషన్లు నేర్పే అమెరికన్ ప్రొఫెసర్ మైకేల్ ఆలీ ఎన్నాళ్లుగానో చెబుతున్నది ఇదే: పైన ఒక వాదన, కింద దానికి బొమ్మ రూపంలో ఆధారం. స్లైడ్లన్నీ అయ్యాక అవుట్‌లైన్ వ్యూ తెరిచి శీర్షికలు మాత్రం వరుసగా చదవండి. కథ అర్థం కాకపోతే రంగులు మార్చి లాభం లేదు.

మరి మిగతా మాటలు ఎక్కడికి పోవాలి? స్లైడు కింద వక్త రాసుకోవడానికి ఉండే నోట్స్‌లోకి. తెరమీది వాక్యాలనే వక్త చదువుతుంటే వినేవాళ్లకు సాయం అందుతుందనుకోవడం పొరపాటు. బొమ్మ, మాట రెండూ ఉన్నచోట అదే మాటను అక్షరాల్లోనూ పెడితే నేర్చుకోవడం తగ్గుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలింది. కొత్త పారిభాషిక పదాలు, భాష అంతగా రాని శ్రోతలు ఉన్నప్పుడు దీనికి మినహాయింపు ఉంది. మామూలు సందర్భాల్లో మాత్రం ప్రెజెంటర్ వ్యూ పెట్టుకుంటే నోట్స్, తర్వాతి స్లైడు, గడియారం వక్తకే కనిపిస్తాయి, సభకు కనిపించవు. ఇంత అక్కరకొచ్చే సదుపాయాన్ని తెరవకుండానే ఏళ్లకు ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు! ఆన్‌లైన్ మీటింగులో మాత్రం ఏ విండోను షేర్ చేస్తున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, లేదంటే ఆ నోట్సే అందరికీ ప్రదర్శన అవుతుంది.

కీబోర్డు మీద బి నొక్కితే తెర నల్లబడుతుంది. చర్చ మొదలైనప్పుడు చూపులు స్లైడు నుంచి మనుషుల వైపు తిప్పడానికి ఇంతకు మించిన చిట్కా లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. పాతిక స్లైడ్లు వెనక్కి పరుగెత్తించి అందరి కళ్లు తిరిగేలా చేయనక్కర్లేదు. తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. వత్తులు కింది లైనును తాకకుండా లైన్ల మధ్య ఎడం పెంచాలి. ఫాంట్లను ఫైలులోనే పొదిగి సేవ్ చేయాలి, లేదా పీడీఎఫ్ కాపీ వెంట ఉంచుకోవాలి. వేరే కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే అమరిక అంతా చెదిరిపోతుంది.

ఇప్పుడు కోపైలట్, గామా లాంటి ఏఐ పరికరాలు ఒక్క ఆదేశంతో డజను స్లైడ్లు పరిచేస్తున్నాయి. చూడ్డానికి నీటుగా ఉంటాయి, తప్పుపట్టడానికి ఏమీ ఉండదు. ఇబ్బందల్లా అక్కడే. ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చే కష్టం మనం పడలేదు, అదీ పడలేదు. ఆ పరికరాన్ని తిరగేసి వాడటమే మేలు. మీరు రాసినది దానికిచ్చి, వినేవాళ్లకు ఎక్కడ అనుమానం వస్తుందో, ఏ స్లైడు తీసేసినా వాదన నిలుస్తుందో అడగండి. స్లైడ్లు పెంచే విద్య దానికి బాగా వచ్చు, తగ్గించే పనికి వాడుకునేవాళ్లే తక్కువ.

ఇక చివర్లో ఎలాగూ ‘ఆ పీపీటీ పంపించండి’ అంటారు. అలా అంటారన్న భయంతోనే చాలామంది తెరను అక్షరాలతో నింపుతారు. ప్రింట్ ఆప్షన్లలో నోట్స్ పేజెస్ ఎంచుకుంటే పైన స్లైడు, కింద మీరు రాసుకున్న వివరణతో పేజీలు వస్తాయి. వాటిని పీడీఎఫ్ చేసి పంపండి. కాకపోతే నోట్స్ మీకే కాక ఇంకొకరికీ అర్థమయ్యేలా పూర్తి వాక్యాల్లో రాసి ఉండాలి.