తిరుపతిలో స్టేక్: పాలకులు పట్టించుకోని పౌర సమస్య

తిరుపతి స్మార్ట్ సిటీ జాబితాలోకి 2016లోనే ఎక్కింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. మరుసటి ఏడాది సికింద్రాబాద్ నుంచి వందే భారత్ కూడా వచ్చేసింది. ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, ఏకంగా వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. ఇన్ని ఉన్న ఊళ్ళో ఒక మంచి స్టేక్, అంటే మందంగా కోసి పెనం మీద కాల్చిన మాంసం ముక్క, దొరకదంటే బయటివాళ్ళకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ దీని ఊసు లేదు. కనీసం ఒక రాస్తారోకో అయినా జరగలేదు. గత్యంతరం లేక ఈ బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను.

కొండ మీద సంగతి వేరు. అక్కడ మాంసం మాటే ఉండదు, ఉండకూడదు కూడా. నేను మాట్లాడేది అలిపిరికి ఇవతల, 'మల్టీ క్యుజిన్' అని బోర్డు కట్టుకున్న ఏసీ రెస్టారెంట్ల గురించి. వాటి మెనూ పెళ్ళి ఆల్బమ్ అంత లావుంటుంది. చైనా, ఇటలీ, మెక్సికో తిరిగొచ్చాక, ఐస్‌క్రీములకి కాస్త ముందు 'స్టేక్స్ అండ్ సిజ్లర్స్' అని ఒక పేజీ వస్తుంది. చికెన్ స్టేక్, ఫిష్ స్టేక్, పనీర్ స్టేక్. స్టేక్ పుట్టిన దేశాల్లో ఆ పేరు వినగానే గుర్తొచ్చే జంతువు మాత్రం ఆ పేజీలో కనబడదు. ఆవు సంగతి 1977 నాటి గోవధ నిషేధ చట్టమే తేల్చేసింది. చట్టం లేకపోయినా ఈ ఊళ్ళో తేలిపోయే ఉండేది. దాని జోలికి నేను పోను. మేక, గొర్రె, కోడి, చేప ఉన్నాయి కదా, వీటితోనైనా ఊరి పరువు నిలబెట్టలేమా?

నిలబెట్టలేం. అందుకు వంటవాణ్ణి తిట్టి లాభం లేదు. చేసిందంతా తినేవాళ్ళే.

ముందు క్యాలెండర్ తీయండి. శనివారం స్వామివారి వారం, ముట్టుకోరు. సోమవారం శివుడిది. శ్రీకాళహస్తి కూతవేటు దూరంలో పెట్టుకుని ఎవరు ధైర్యం చేస్తారు? గురువారం బాబాకి ఇచ్చేశాం. మంగళవారం ఆంజనేయస్వామి, శుక్రవారం అమ్మవారు. ఆదివారం ఉంది కానీ, ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో సంగటీ మటన్ పులుసూ తిన్నవాడు రాత్రికి మజ్జిగ తాగి పడుకుంటాడు. లెక్కతీస్తే రెస్టారెంటు వాడికి మిగిలేది బుధవారం. స్వామివారి నెలగా పాటించే తమిళ మాసం పెరటాసి వచ్చిందంటే సెప్టెంబరు నడిమి నుంచి నెల రోజులు అదీ లేదు. బుధవారం నాడు వస్తాడో రాడో తెలియని ఒక్క గిరాకీ కోసం ఎవరైనా మంచి మాంసం తెచ్చి పెడతారా? ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టిన ముక్కే మనకు రాసిపెట్టి ఉంది.

ఇక మాంసం. స్టేక్‌ని నెత్తిన పెట్టుకునే దేశాల్లో కోసిన రోజే వండరు. గడ్డకట్టేంత కాకుండా, దానికి కాస్త పైన ఉండే చలిలో మూడు నాలుగు వారాలు వేలాడదీస్తారు. మాంసంలో ఉండే ఎంజైములే కండని మెల్లగా మెత్తబరుస్తాయి, నీరు తగ్గి రుచి చిక్కబడుతుంది. ఈ శాస్త్రీయ సత్యాన్ని మా అత్తగారికి విడమరిచి చెప్పాను. ఆమె చింతపండు పిసకడం ఆపి, "నెల్లాళ్ళ మాంసం తినేదానికి దుడ్లిచ్చి పోతారా నాయనా?" అంది. శాస్త్రం దగ్గర దీనికి జవాబు లేదు.

మనకు మాంసమంటే కళ్ళ ముందు కోయాలి. ఆదివారం పొద్దున ఆరు గంటలకి ఏ మటన్ షాపు ముందైనా నిలబడి చూడండి. "అన్నా, తొడలో వెయ్యి, రెండు చాప్సు, రవ్వంత కార్జం" అని చుట్టూ కేకలు. అన్న ఎవరి ముఖమూ చూడడు. మొద్దు మీద పెట్టి, ఎముకా కండా తేడా లేకుండా, పులుసు ముక్కల సైజుకి టకటకా కొట్టేస్తాడు. అది చేతగానితనం కాదు. పగలంతా గుట్టలెక్కి తిరిగే మేక కాళ్ళలో నరమూ పీచూ ఎక్కువ, గంటసేపు నీళ్ళలో ఉడికితే గానీ లొంగదు. పులుసు కనిపెట్టినవాడు మేకని బాగా చదివినవాడు. స్టేక్‌కి కావలసిందేమో వెన్నెముక పక్కన, మేక జీవితంలో పెద్దగా పనిచెయ్యని కండ. దాన్ని పీచుకి అడ్డంగా, రెండు వేళ్ళ మందాన కోయాలి. అలా కోసివ్వమని అడిగితే అన్న మొదటిసారి కత్తి ఆపి నన్ను చూశాడు.

"ఒకే ముక్కగానా? కుక్కకా సార్?"

వండటం దగ్గరికొస్తే, మంచి స్టేక్ లోపల 55 డిగ్రీల చుట్టుపక్కల ఆగాలి (మీడియం రేర్ అనేది దీన్నే), పైపొర మాత్రం 140 దాటి ఎర్రగా కమరాలి. ఆ కమిలే రసాయన చర్యని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరు ఇప్పుడు యూట్యూబ్ చూసే పిల్లలందరికీ కంఠతా. నా పక్క టేబుల్ కుర్రాడికీ వచ్చు. మెనూ మూసి, గంభీరంగా "చికెన్ స్టేక్, మీడియం రేర్" అన్నాడు. వెయిటర్ లోపలికి పోయి ఏకంగా వంటమాస్టర్‌నే వెంటబెట్టుకొచ్చాడు. ఆయన గరిటె చేత్తోనే పట్టుకుని వచ్చి, "కోడిని పచ్చిగా పెట్టేది లేదు బాబూ. రేపు మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోవాలి" అని వెళ్ళిపోయాడు. కోడి మాంసం లోపల 74 డిగ్రీలకి చేరాలని ఆయన ఎక్కడా చదివి ఉండడు. అయినా ఒక పౌరుణ్ణి సాల్మొనెల్లా బాక్టీరియా నుంచి కాపాడాడు. ఆగస్టు 15న కలెక్టర్ గారి చేతుల మీదుగా ప్రశంసాపత్రాలు ఎవరెవరికో ఇస్తుంటారు కదా!

చిన్నబుచ్చుకున్న కుర్రాడు సిజ్లర్ చెప్పాడు. చెక్క ట్రే, దాని మీద కాలిన ఇనుప పెనం, కింద క్యాబేజీ ఆకు. హాలంతా తల తిప్పింది. పొగ ఉన్నంతసేపే వంటకం, ఆలోపే వీడియో అయిపోవాలి. పొగ తేలిపోయాక చూస్తే, కార్న్‌ఫ్లోర్ సాస్ కింద రెండు చికెన్ ముక్కలు, పక్కన నూడుల్స్, సగం ఉడికిన క్యారెట్. మంచూరియా చెప్పినవాళ్ళకీ, చిల్లీ ఫిష్ చెప్పినవాళ్ళకీ వచ్చింది ఆ సాసే. ఎవరూ కిక్కురుమనలేదు. ఉత్త ఉప్పూ మిరియాలూ చల్లిన అసలు స్టేక్ తెచ్చి పెట్టి చూడండి, "ఇదేంది, పేషెంట్లకి చేసిందా?" అని తిప్పి పంపుతారు. పంపకపోతే ముగ్గురికి ఒకటి పంచమని అడిగి, పనిలో పనిగా "తమ్ముడూ, కొంచెం షేర్వా" అంటారు.

ఈ నాడి పట్టిన ఓనరు ఒకాయన తన మెనూలో 'సీమ స్టేక్' పెట్టాడు. తెప్పించాను. ఎముకతో ఉన్న మటన్ ముక్క, దాని మీద నిండా పులుసు, పక్కన రాగి సంగటి. ప్లేటుకి అటూ ఇటూ కత్తీ ఫోర్కూ కూడా పెట్టారు, మర్యాదకి. ఓనర్ని పిలిచి, ఇది స్టేక్ ఎలా అవుతుందని కాస్త గట్టిగానే నిలదీశాను.

"సార్, స్టేక్ అయితే 480. మటన్ పులుసు, సంగటి అయితే 280. ఏది రాసుకోమంటారు?"

రెండోదే రాసుకోమన్నాను. ఇంకో ముద్ద సంగటి కూడా వెయ్యమన్నాను.