మూడు సిలిండర్ల లెక్క, బీలకు సున్నా

గత పది రోజుల్లో ఒకే సందేశం నాకు ఏడుగురి నుంచి వచ్చింది. పంపినవారిలో ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు, మరొకరు శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఉండే మా బావగారు. అందువల్ల చదవకుండా చెరిపేయడానికి మనసొప్పలేదు. "ప్రకృతి ఖరీదు ఎంతో తెలుసా?" అనే ఆ సందేశంలో అయిదు అంశాలున్నాయి. మనిషి రోజుకు మూడు సిలిండర్ల ఆక్సిజన్ పీలుస్తాడు కనుక, సిలిండరు 700 రూపాయల చొప్పున అరవై అయిదేళ్లకు చెట్లకు అయిదు కోట్లు బాకీ పడతాడట. యాభై ఏళ్ల చెట్టు విలువ 15.7 లక్షలట. చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందట. చెట్లు లేని బీల, తంపర భూముల (అంటే నీరు నిలిచే చిత్తడి నేలల) విలువ సున్నా కనుక పరిశ్రమలను ముందు అక్కడే పెట్టాలట. లెక్క ప్రకారం సొమ్ము జమచేస్తే ప్రకృతికి ఏ నష్టమూ ఉండదట. చివర పదిమందికి పంపమన్న ఆదేశం సరేసరి.

మొదటిది ఆక్సిజన్. మనం రోజుకు లోపలికి తీసుకునే గాలి సుమారు 11,000 లీటర్లు కాగా, అందులో ఒంటికి పట్టే ఆక్సిజన్ 550 లీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆసుపత్రుల్లో కనిపించే 7,000 లీటర్ల పెద్ద సిలిండరు ఆ లెక్కన ఒక మనిషికి పన్నెండు రోజులు వస్తుంది. పీల్చిన గాలినంతా ఖర్చు కింద రాసినా రెండు సిలిండర్లు నిండవు, వదిలినదాన్ని తీసివేయడం కూడా మరిచిన చిట్టా ఇది. ధర విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. సిలిండరుకు మనమిచ్చే డబ్బు ఆక్సిజన్‌ను వేరుచేసి, కుదించి, రోగి మంచం దాకా మోసినందుకే తప్ప ఆక్సిజన్ కొరతగా ఉన్నందుకు కాదు. పైగా ముదిరిన అడవి తాను విడిచిన ఆక్సిజన్‌లో దాదాపు అంతా తన శ్వాసకూ, రాలిన ఆకులు కుళ్లడానికీ తానే వాడుకుంటుంది. చెట్టు చేసే మేలు దాని నీడలోనూ, వేళ్లు పట్టి ఉంచిన మట్టిలోనూ ఉంది. ఆ రెండూ సందేశంలో లేవు.

రెండూ మూడూ కలిపి ముగించవచ్చు. 15.7 లక్షలన్నది 1979లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యులు టి.ఎం. దాస్ వేసిన అంచనా. 74,500 అన్నది తీర్పు కాదు, పశ్చిమ బెంగాల్‌లో రైలు వంతెనల కోసం చెట్లు కొట్టే వివాదంలో సుప్రీంకోర్టుకు నిపుణుల సంఘం ఇచ్చిన నివేదికలోని అంకె. దాన్ని యాభై ఏళ్లకు గుణిస్తే 37.25 లక్షలవుతుంది. మరి పై వరుసలోని 15.7 లక్షలు ఏమైనట్టు? ఆ వివాదంలోని చెట్లను కొట్టడానికి అదే న్యాయస్థానం 2023లో అనుమతించిందన్న సంగతి సందేశం రాసినవారికి తెలియకపోవడమే మేలు.

నాలుగో అంశం మాత్రం నాకు మింగుడుపడలేదు. అది సోంపేట నుంచి రావడం మరీ కష్టంగా తోచింది. చెట్లను మాత్రమే లెక్కపెడితే చెట్లు లేనిచోట సున్నా రావడంలో వింతేముంది? త్రాసుతో నీళ్ల లోతు కొలిచి, లోతు లేదని తేల్చినట్టుంది. బీల వానాకాలంలో మెట్ట నేలల నుంచి దిగే వరదను తనలో పట్టి ఉంచి, ఆ తరువాత నెమ్మదిగా పొలాలకూ, చుట్టుపక్కల బావులకూ వదులుతుంది. అందులో చేపలు పట్టేవారున్నారు, పశువులను మేపేవారున్నారు. ఆ నీటిని మోటార్లతో తోడాలంటే ఎంత ఖర్చవుతుందో, వరద ఊళ్ల మీద పడితే ఎంత నష్టమో లెక్కవేయవచ్చు, అది విద్యే. ఒడిశాలో 1999 పెను తుపాను తరువాత కేంద్రపడా జిల్లాలో పరిశోధకులు మడ అడవి అడ్డున్న ఊళ్లనూ, లేని ఊళ్లనూ పోల్చి, అడవి వల్ల ప్రాణనష్టం ఎంత తగ్గిందో ఆ పద్ధతిలోనే తేల్చారు. సోంపేటలో విద్యుత్ కేంద్రం ప్రతిపాదించినప్పుడు కాగితాల మీద ఈ బీల పనికిరాని భూమి. 2010 జులై 14న ఆ కేంద్రం వద్దన్నవారిపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయిన తరువాత గానీ ఆ సున్నా సంగతి దేశానికి తెలియలేదు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. పదిహేనేళ్లు దాటేసరికి అదే సున్నా ఈ సందేశంలో ఆకుపచ్చ అక్షరాలలో, రెండు ఆకుల బొమ్మలతో తిరిగి వచ్చింది. బావగారూ, మీ ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న నీళ్లండీ అవి!

సొమ్ము జమచేస్తే సరిపోతుందన్న అయిదో అంశానికి అసలు ఆచరణే జవాబు. అటవీభూమిని ఇతర అవసరాలకు మళ్లిస్తే నికర వర్తమాన విలువ (అడవి ముందుముందు చేసే మేలుకు నేటి ధర) పేరిట హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల వరకు కట్టాలని 2008లో నిర్ణయించారు, తరువాత పెంచారు. అది అడవికే గనుక రెవెన్యూ దస్త్రాల్లో బంజరుగా ఉన్న బీలకు వర్తించదు. వర్తించినా డబ్బు నీటిని పట్టి ఉంచదు. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలితే చెట్టుకు 1,500 రూపాయలు పరిహారమన్నారు, తరువాతి ప్రభుత్వం 3,000 అన్నది. చెట్టు అదే, కూలిన రోజూ అదే, మారింది ప్రభుత్వం. కొత్త మొక్క కాపుకు వచ్చే ఏళ్లను మాత్రం ఏ ప్రభుత్వమూ తగ్గించలేకపోయింది.

ఇంత రాసిన తరువాత ఒక సంగతి దాచడం న్యాయం కాదు. మొన్న మా వీధి చివరి నేరేడు చెట్టును కొట్టడానికి మనుషులు వచ్చినప్పుడు, ఏదో పనిమీద మా ఇంటికి వచ్చి ఉన్న బావగారే ఫోనులో ఆ 74,500 చూపించి, "వయసుతో గుణించి కట్టి కొట్టుకోండి" అని వాళ్లను వెనక్కి పంపారు. అంకె లేని దస్త్రంలో ప్రకృతి విలువ సున్నాగానే చదవబడుతుంది కనుక, తప్పు అంకె కూడా ఒక్కొక్కప్పుడు అడ్డుపడుతుందని ఒప్పుకుంటున్నాను. చెట్టు ఆక్సిజన్‌కు అదనపు విలువ దాదాపు ఏమీ లేదన్న నా వాదన అప్పుడు వినిపించి ఉంటే, ఆ నేరేడు సాయంత్రానికి కట్టెలయ్యేది. అందుచేత బావగారితో రాజీకి సిద్ధంగా ఉన్నాను. నాలుగో అంశం కొట్టేసి పంపితే, మూడు సిలిండర్ల జోలికి నేను వెళ్లను.